కొత్త పుస్తకానికి పేరంటం



పిల్లలకి కొత్త గౌను కుట్టిస్తే పక్కింటి పిన్నిగారికి చూపించి వచ్చేదాకా కాలు నిలవదు. కొత్త బొమ్మ కొంటే వీధంతా చాటుకుంటారు. అదే కొత్త కథలపుస్తకం కొన్నామనుకోండి. "చింపకుండా చదువుకో" అని చేతికిచ్చి మనం వంటింట్లోకి వెళ్ళిపోతాం. లేదా "పరీక్షలయ్యాక చూద్దువుగాని" అని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. పుస్తకం కూడా ఇంటికి వచ్చిన చుట్టమేనని, దాని రాకకీ నలుగురిని పిలిచి ఒక పేరంటం చెయ్యవచ్చునని మనకి తోచదు. ఇవాళ నేను మీతో చెప్పదలచుకున్నది ఆ పేరంటం సంగతే.

పుస్తకావిష్కరణ సభలు మీరు చూసే వుంటారు. వేదిక, మైకు, పూలదండలు, శాలువాలు. పెద్దలు వరసగా నిలబడి రంగుకాగితం విప్పి, పుస్తకాన్ని గుండెలకి ఆనించుకుని ఫోటో తీయించుకుంటారు. పెద్దల పుస్తకమైతే అది బాగానే వుంటుంది. కాని పిల్లల పుస్తకానికీ అదే తంతు! ఇద్దరు ఆడపిల్లలు ప్రార్థనగీతం పాడి కిందికి దిగిపోతారు. తక్కిన పిల్లలు చివరి వరసలో బిస్కట్లు తింటూ, కాళ్ళూపుకుంటూ కూర్చుంటారు. గంటన్నరసేపు ప్రసంగాలు సాగినా, పుస్తకంలో ఒక్క పేజీ అయినా పిల్లలకి ఎవరూ చదివి వినిపించరు. పుస్తకాన్ని ఆవిష్కరించారు గాని, తెరవలేదన్నమాట.

మనకి తెలియని విద్యేం కాదిది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా మద్రాసు రేడియోలో పిల్లల్ని కూచోబెట్టుకుని ఆటలూ పాటలూ నాటికలూ నడిపారు. 1945లో ఆ దంపతులే "బాల" పత్రిక తీసుకువచ్చారు. 1947 జూలైలో "చందమామ" మొదలయింది. ఇప్పుడు ఆగిపోయింది గాని, మన చిన్నతనంలో చందమామ వచ్చిన రోజు పండుగ కాదూ? ముందు ఎవరు చదవాలని అన్నాచెల్లెళ్ళ మధ్య తగవులు, అమ్మ తీర్పులు, చివరికి ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు చుట్టూ చేరి వినటాలు. పిలుపులు లేకపోయినా అది పేరంటమే.

ఇతర దేశాలవాళ్ళు దీన్ని ఇంకా పెద్దయెత్తున చేస్తారు. బ్రిటన్‌లో మార్చినెల మొదటి గురువారం పుస్తకాల దినం. ఆ రోజు పిల్లలు తమకి నచ్చిన కథలోని పాత్రలాగా వేషం కట్టుకుని బడికి వెళతారు. ఆ సందర్భంలో వాళ్ళకి ఒక టోకెను ఇస్తారు. దాన్ని పుస్తకాల షాపులో ఇచ్చి, అందుకోసం వేసిన చిన్న పుస్తకాల్లో తనకి కావలసినది ఏరుకోవచ్చు. ఆ ఏరుకోవటంలోనే వుంది ఆనందమంతా! 2007 జూలై 21న హేరీ పోటర్ కథల చివరి భాగం వెలువడినప్పుడు లండన్‌లో అర్ధరాత్రి, మన దేశంలో పొద్దున్నే, పిల్లలు షాపుల ముందు బారులు తీరారు.

అంత ఆర్భాటం మనవల్ల కాదంటారా? మన దేశంలోనే ఇంకొక పద్ధతి వుంది. ప్రథమ్ బుక్స్ అనే సంస్థ 2012లో "ఒక రోజు ఒక కథ" అనే కార్యక్రమం మొదలుపెట్టింది. సెప్టెంబరు 8, అంటే అంతర్జాతీయ అక్షరాస్యతా దినం నాటికి, ఒకే కథని ఎన్నో భాషల్లో సిద్ధం చేస్తారు. మనలాంటివాళ్ళే ముందుకువచ్చి, బడుల్లోనూ ఇళ్ళలోనూ చెట్ల కిందా పిల్లల్ని పోగుచేసి చదివి వినిపిస్తారు. దండా లేదు, శాలువా లేదు. కథే ముఖ్య అతిథి.

ఈ సంగతులన్నీ విని నాకూ సరదా పుట్టింది. మా వాకాడు స్వర్ణముఖి ఒడ్డున, సముద్రానికి దగ్గరలో వుండే ఊరు. నెల్లూరు వెళ్ళినప్పుడు చేపల బొమ్మలున్న కొత్త కథలపుస్తకం ఒకటి నచ్చి అయిదు ప్రతులు కొన్నాను. ఆదివారం సాయంత్రం వీధిలో పిల్లలందరినీ రమ్మన్నాను. పక్కింటి వదిన "పుస్తకానికి పేరంటమేంది వదినా!" అని నవ్వుతూనే బొరుగుల వుండలు చేసిపెట్టింది. పన్నెండుమంది వచ్చారు. మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ కొడుకు, అయిదో తరగతి చదివే కుర్రాడు, గడపమీదే కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

నేను బొమ్మలు ఒక్కొక్కటే చూపిస్తున్నాను. ఒక బొమ్మలో చిన్న చేప ఒంటరిగా ఈదుకుంటూ పోతున్నది. "ఇదేం చేప?" అన్నాను. అందరూ నామొహం చూశారు. గడపమీదినుంచి ఆ కుర్రాడు, "నెత్తల్లి మాదిరి ఉండాది. అయితే నెత్తళ్ళు ఒంటరిగా పోవమ్మా, మందమందగా పోతాయి" అన్నాడు. ఇక చూడండి, పిల్లలంతా వాడివైపు తిరిగారు. వంజరం ఎట్లా వుంటుంది, చందువ ఎట్లా వుంటుంది, కానాగంతలు ఏ వలలో పడతాయి, అన్నీ చెప్పాడు. పది నిమిషాలసేపు నా పేరంటానికి వాడే పెద్ద.

ఆ తరువాత నేనొక తెలివితక్కువ పని చేశాను. ఉచితంగా ఇస్తే విలువ తెలియదు కదా అని పందెం పెట్టాను. ఒక పేజీ తడబడకుండా చదివినవాళ్ళకి పుస్తకం బహుమతి అన్నాను. ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు గడగడా చదివేశారు. అయిదు ప్రతులూ అయిదుగురికి వెళ్ళాయి. వాళ్ళలో ఒకమ్మాయికి ఇంట్లో అలమారు నిండా కథలపుస్తకాలే! మన గడపమీది పెద్దమనిషి రెండో వాక్యంలో ఒక వత్తు దగ్గర ఆగిపోయి, తల వంచుకుని కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక వాడు మిగిలాడు. చేతిలో బొరుగుల వుండ అట్లాగే వుంది. "అమ్మా, ఆ పుస్తకం ఇంకోసారి చూడొచ్చునా?" అన్నాడు. చూపించటానికి నా దగ్గర ఒక్క ప్రతీ మిగలలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి. చేపల పుస్తకం చేపలు తెలిసినవాడికి తప్ప అందరికీ అందింది. పుస్తకం అవసరమైనవాడికే చదవటం రాదు, చదవటం రాదు కనక పుస్తకం రాదు. ఇక వాడికి చదువు వచ్చేదెట్లా? పంచిపెట్టాననుకున్నాను గాని, నేను చేసింది ఉన్నవాళ్ళకి ఇంకా పెట్టటమే.

దారి చూపించింది మన నెల్లూరు రొట్టెల పండుగ. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఏం జరుగుతుందో తెలుసుగా? చదువు కోరుకునేవాళ్ళు చదువు రొట్టె, పెళ్ళి కోరుకునేవాళ్ళు పెళ్ళి రొట్టె, ఇచ్చేవాళ్ళ చేతినుంచి అందుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ ఏడు అదే రొట్టె తెచ్చి ఇంకొకరి చేతిలో పెడతారు. అక్కడ ఎవరూ ఎవరినీ గెలవరు. తీసుకున్న చెయ్యే ఇచ్చే చెయ్యి అవుతుంది. పుస్తకాన్నీ అట్లాగే ఇస్తే సరి కదా అనిపించింది.

రెండోసారి పందెం తీసేశాను. ఇంకొక కొత్త పుస్తకం నాలుగు ప్రతులు తెచ్చాను. పుస్తకానికి కొత్త జాకెట్టుగుడ్డ చుట్టి, పళ్ళెంలో బియ్యం కింద దాచిపెట్టాను. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో రాసినట్టుగా, పిల్లలు వేలితో తవ్వుతూ అట్టమీది బొమ్మ ఏమిటో ఊహించాలి. తరువాత కథ సగందాకా చదివి ఆపాను. "ఇప్పుడేమవుతుంది?" అంటే తలా ఒక ముగింపు చెప్పారు. చెప్పలేనివాళ్ళు సుద్దముక్కతో గచ్చుమీద బొమ్మ వేశారు. పుస్తకం విప్పింది ఆ రోజు అందరికంటే చిన్నపిల్ల, నాలుగేళ్ళది. అదే మా ఆవిష్కరణ!

పంచటం ఎట్లాగంటే, పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేశాను. చీటీ వచ్చినవాళ్ళు పుస్తకం పట్టుకెళ్ళి రెండు వారాలు వుంచుకోవాలి. తిరిగి తెచ్చి, కథ నలుగురికీ చెప్పి, తమ చేత్తో ఇంకొకరికి ఇవ్వాలి. ఒకసారి అందుకున్నవాళ్ళ చీటీ అందరి వంతూ అయ్యేదాకా డబ్బాలో పడదు. చదివి చెప్పినా సరే, ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకుని చెప్పినా సరే. మొదటి పుస్తకం గెలుచుకున్న అలమారు అమ్మాయి తన ప్రతిని కూడా తెచ్చి ఈ వరసలో కలిపింది. నేను అడగలేదు, తల్లే పంపించింది.

చేపల పుస్తకం మన కుర్రాడి వంతుకి వచ్చింది. రెండు వారాలకి తిరిగి తెచ్చాడు. అట్ట తడిసి వుబ్బింది, చేపల వాసన కూడాను. ఒకావిడ ముక్కు చిట్లించింది. నిజం చెప్పవద్దూ, ఒక్క క్షణం నాకూ మనసు చివుక్కుమంది. కాని వాడు ఈసారి గడప దాటి లోపలికి వచ్చి కథ చెప్పాడు. మధ్యలో ఒక పేజీ తీసి వేలు పెట్టి చదివాడు. ఆ వత్తు దగ్గర ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, దాటేశాడు. అరిగిన పుస్తకాన్ని చూసి నేను సంతోషపడటం అదే మొదలు. ఒక ప్రతి మాత్రం ఇప్పటికీ తిరిగి రాలేదు. ఎవరో ఒకరు చదువుకుంటున్నారులే అనుకున్నాను.

పట్నాల్లో వుండే సోదరీమణులకి ఇది ఇంకా సులువు. జనవరి మొదట్లో బెజవాడలో పుస్తకాల పండుగ, చలికాలంలో హైదరాబాదులో పుస్తక ప్రదర్శన జరుగుతుంటాయి. నేషనల్ బుక్ ట్రస్టువారి పిల్లల పుస్తకాలు మనకి అందే ధరల్లోనే దొరుకుతాయి. పుట్టినరోజుకి కొనే కేకులో సగం ఖర్చు చాలు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలో ఒక సాయంత్రం మీ మేడమెట్ల మీద ఈ పేరంటం పెట్టండి. సెల్‌ఫోన్లన్నీ ఒక గిన్నెలో వేసి మూత పెట్టండి, మనవి కూడా! పిలుపులప్పుడు మాత్రం వాచ్‌మన్ పిల్లల్నీ, పనిమనిషి కూతుర్నీ మరిచిపోకండి. ఏదో ఇచ్చి పంపించెయ్యటానికి కాదు, చాపమీద కూర్చోబెట్టి వంతు ఇవ్వటానికి.

1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువమీద పుస్తకాల పడవ నడిపించారు. పాఠకులు రాలేకపోతే పుస్తకమే వాళ్ళ రేవుకి వెళ్ళింది. మనం పడవ నడపనక్కరలేదు. మన గడప దగ్గర ఆగిపోయిన పిల్లవాడిని లోపలికి పిలిస్తే చాలు.