గుండె శస్త్రచికిత్స: ఎవరికెంత అపాయము?

(బేతమంగళలో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వైద్య విషయములు మాటలాడుటకు మేము తగినవారము కాము. మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తోనే ముగిసినది. మా వృత్తి తూకము, లెక్క. అయినను ఆ లెక్కనే మేము తప్పుగా వేసి మా యింట ఒక ప్రాణమును పోగొట్టుకొంటిమి. కావున ఈ సంగతి మా నోటనే మీకు చెప్పవలసియున్నది.

మా అక్కగారికి బాల్యమున గొంతునొప్పి, జ్వరము, కీళ్లవాపు వచ్చి తగ్గినవి. పెండ్లి యైనది, ఇద్దరు బిడ్డలు కలిగిరి. నలుబది యేండ్ల వయస్సున మెట్లెక్కిన ఆయాసము, రాత్రులందు పడుకొననీయని దగ్గు మొదలయ్యెను. గుండెలోని మిట్రల్ కవాటము ముడుచుకొనిపోయినదనియు, దానిని మార్చవలెననియు బెంగుళూరులో వైద్యులు చెప్పిరి. అపాయమెంత యని అడుగగా, ఈమె స్థితిలో నూటికి నలుగురైదుగురు దక్కకపోవచ్చునని దాచక చెప్పిరి. మేము వర్తకులము గదా, హామీ యిచ్చెదరా యని అడిగితిమి. ఏ వైద్యుడును అట్టి హామీ ఇయ్యడు. బావగారు సంతకమునకై కలము తీయగా, వద్దని వారించినవారము మేమే.

పదునాలుగు నెలలు గడచినవి. మరల పోవునప్పటికి అక్కగారి కాళ్లకు నీరు పట్టినది, గుండె బలము తగ్గినది. నలుగురైదుగురన్న లెక్క పదిమందికి పైబడినది. ఈసారి మేము బేరమాడలేదు, దినము నిర్ణయించిరి. ఆ దినమునకు తొమ్మిది రోజుల ముందు ఆమె ఇంటనే కన్నుమూసెను.

శస్త్రచికిత్సలోని అపాయమును అడిగితిమి గాని, చేయించకుండుటలో అపాయమెంత యని అడుగలేదు. ఆ రెండవ ప్రశ్న మాకు తోచనే లేదు.

మన చెరువునీటిని యంత్రములతో తోడి బంగారు గనులకు పంపిన ఊరు మనది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినను, పంపు అననేమో మనకెవరును వేరుగా చెప్పనక్కరలేదు. పంపును విప్పి బాగుచేయవలెనన్న ముందు దానిని ఆపవలెను. గుండెను ఆపినచో మనిషి యెట్లు బ్రతుకును? 1953 మే 6న ఫిలడెల్ఫియాలో డాక్టరు జాన్ గిబ్బన్, గుండెకును ఊపిరితిత్తులకును బదులుగా పనిచేయు యంత్రముతో 18 ఏండ్ల యువతి గుండెలోని రంధ్రమును మూసెను. 26 నిమిషములు ఆమె ప్రాణము ఆ యంత్రముపైననే నిలిచినది. తరువాతి రోగులు దక్కకపోగా ఆయన విరక్తితో ఆ శస్త్రచికిత్సనే మానుకొనెను. వైద్యుడొక్కడే, యంత్రమొక్కటే, రోగులు మాత్రము వేరు.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. మన పాలారు దిగువకు పారి చేరు వెల్లూరులో, క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రియందు 1960 దశాబ్ది ఆరంభముననే గుండె తెరచి చేయు శస్త్రచికిత్స జరిగినది. 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో డాక్టరు కె.ఎం. చెరియన్ మన దేశమున మొదటి బైపాసు చేసిరి. పుట్టపర్తిలో 1991లోను, వైట్‌ఫీల్డులో 2001లోను వెలసిన శ్రీ సత్యసాయి ఆస్పత్రులలో రుసుము లేకయే ఈ చికిత్సలు జరుగుచున్నవి. రైలెక్కినచో చేరదగిన చోట్లే ఇవన్నియు.

ఇక లెక్క సంగతి. ఐరోపా వైద్యులు ఎనిమిది దేశములలో సుమారు 19,000 మంది రోగుల వివరములు కూర్చి 1999లో యూరోస్కోరు అను పట్టికను ప్రకటించిరి. మా కంటికది చిట్టా పుస్తకమువలెనే కనబడినది. అరువది యేండ్లు దాటిన పిమ్మట ప్రతి అయిదేండ్లకు ఒక అంకె. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల వ్యాధికి ఒకటి. మూత్రపిండములు బాగుగా చెడినచో రెండు. మూడు నెలలలోపల గుండెపోటు వచ్చియుండిన రెండు, అత్యవసరముగా చేయవలసివచ్చిన మరి రెండు, గుండె బలము మిక్కిలి క్షీణించిన మూడు. మొత్తము రెండులోపల ఉన్నవారిలో నూటికొకరికన్న తక్కువగాను, మూడు మొదలు అయిదు వరకు గలవారిలో ముగ్గురును, ఆరును అంతకు మించియు గలవారిలో పదునొకండుగురును మరణించిరి. శస్త్రచికిత్స అపాయకరమా యను ప్రశ్నకు ఒక్క జవాబు లేదని దీనివలన తెలియుచున్నది. వయస్సు మన చేతిలో లేదు. కాని గుండె క్షీణించుట, అత్యవసర స్థితికి వచ్చుట అను అంకెలు పెక్కుమారులు ఆలస్యమువలననే చేరును. మా అక్కగారి చిట్టాలో వాటిని వ్రాసినది మేమే.

ఆ పట్టికను 2012లో సవరించి, ఇన్సులిను వాడు మధుమేహ రోగులను గూడ లెక్కలో చేర్చిరి. మనవారిలో మధుమేహము లేని యిల్లు అరుదు గనుక ఇది గమనింపదగినది. చక్కెర అదుపులో లేనిచో రొమ్ముయెముక గాయము త్వరగా మానదు, చీము పట్టును. అంతమాత్రమున స్టెంటు వేయించుకొన్న సరిపోవునని తలపరాదు. పలు రక్తనాళములు పూడిన 1,900 మంది మధుమేహ రోగులపై జరిగిన పరిశోధన 2012లో వెలువడినది. అయిదేండ్లలో స్టెంటు వేసినవారిలో నూటికి 16 మంది, బైపాసు చేసినవారిలో 11 మంది మరణించిరి. అయితే పక్షవాతము బైపాసువారిలోనే హెచ్చు: నూటికి అయిదుగురు, స్టెంటువారిలో ఇద్దరు ముగ్గురు. ఏ అపాయమును ఎన్నుకొందురో వైద్యునితో కూర్చుండి తేల్చుకొనవలసినదే.

ఆ మొదటి పట్టికలో స్త్రీ యైనందుకే ఒక అంకె కలదు. ఎందుకని మేము ఒక వైద్యుని అడిగితిమి. దేహము చిన్నది, రక్తనాళములు సన్నవి. అదియునుగాక ఆలస్యముగా వత్తురు అనిరి. మొదటిది దైవాధీనము, రెండవది మన యిండ్లలోని పని. ఆయాసమును బలహీనత యందుము, పండుగ పోనిమ్మందుము, కూతురి పెండ్లి కానిమ్మందుము. ముడుచుకొనిన మిట్రల్ కవాటము గల స్త్రీకి గర్భమే గండము. అట్టివారిలో కొందరికి గుండె తెరవకయే, తొడ రక్తనాళముగుండ బుడగను పంపి కవాటమును విప్పవచ్చును. కవాటమును మార్చినను పని తీరదు. లోహ కవాటమైన జీవితాంతము రక్తము గడ్డకట్టనీయని మాత్ర వాడవలెను, రక్తపరీక్ష తప్పరాదు, ఆకుకూర ఒకనాడు మెండుగా ఒకనాడు లేకుండ తినరాదు. జంతు కవాటమైన ఆ మాత్ర జీవితాంతము అక్కరలేకపోవచ్చును గాని, చిన్నవయస్సువారిలో అది త్వరగా అరిగి మరల శస్త్రచికిత్స వచ్చును. పిల్లలు కావలసిన స్త్రీ ఏది కోరవలెనో ఆమెనే అడుగవలెను గదా?

మా అక్కగారిని ఎవరు అడిగిరి? మాటలన్నియు కన్నడమునను ఇంగ్లీషునను మా మగవారితో జరిగినవి. ఆమె వెలుపల బల్లపై కూర్చుండియుండెను. మన స్త్రీలకు కన్నడము రాదని కాదు. అంగడి కన్నడము వేరు, ఆస్పత్రి మాట వేరు. తెలుగులో చెప్పుడని కోరినచో ఆ పెద్ద ఆస్పత్రులలో ఎవరో ఒక నర్సయినను మనభాషవారు దొరకుదురు. మేము కోరలేదు.

గనులలో పనిచేసిన పెద్దలు మనలో ఇంకను ఉన్నారు. రాతిదుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొనినవారికి మత్తు దిగిన పిమ్మట శ్వాస యంత్రమునుండి బయటపడుట కష్టము. వైద్యుడు అడుగకున్నను, గనిలో ఎన్నియేండ్లు దిగితిరో మీరే చెప్పుడు. బీడీ మాని కొన్ని వారములు గడచిన తరువాతనే బల్లయెక్కుట మేలు. మిక్కిలి వృద్ధులకు బృహద్ధమని కవాటమును తొడనుండియే అమర్చు పద్ధతి 2002లో ఫ్రాన్సున మొదలై నేడు మన దేశమునను కలదు. పసిబిడ్డల గుండె రంధ్రములలో కొన్ని వాటంతటవే మూసుకొనును. పెద్దవాటిని ఎదుగుదల కొరకని ఏండ్ల తరబడి వదలినచో ఊపిరితిత్తుల నాళములు చెడి, శస్త్రచికిత్సకే పనికిరాని స్థితి వచ్చును.

అక్కగారి చిన్న కుమార్తెకు పదిరెండవ యేట అదే జ్వరము వచ్చినది. మూడు వారములకొకమారు పెనిసిలిను సూది వేయించుచున్నాము. ఆ తేదీలు మా అంగడి గోడమీది పంచాంగములో గుర్తుపెట్టియున్నవి. ఇంతవరకు ఒక్కటియు తప్పలేదు.

ఆస్పత్రి కాగితములు గలవారు ఆదివారము సాయంకాలము మా అంగడికి తీసికొనిరావచ్చును. వైద్యము మేము చెప్పము. కాగితములోనున్నది తెలుగులో చదివి వినిపింతుము, వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు వ్రాసి యిత్తుము. రోగిని గూడ వెంటబెట్టుకొని రండు.