అడవి చప్పుడు వినని విమర్శ

తడ దాటితే మద్రాసు స్టూడియోలు, తిరుపతి మీదుగా లోపలికి పోతే తలకోన అడవి. ఈ రెంటి మధ్య ఉన్న శ్రీసిటీలో తెలుగు సినిమా విమర్శ గురించి మాట్లాడుకోవడం నాకెంతో సంతోషం.

వంశీ 2007లో తీసిన ‘అనుమానాస్పదం’ మీద నేను చదివిన సమీక్షలన్నీ చివరికి ఒక్క మాట దగ్గరే ఆగాయి: 1985 నాటి ‘అన్వేషణ’ అంత లేదని. హంతకుడు ఎవరో ముందే తెలిసిపోయిందా లేదా అన్నది రెండో కొలత. ‘మంచుపల్లకి’ తీసి పాతికేళ్లయిన దర్శకుడిని కొలవడానికి ఇవి చాలవు. రెండు సినిమాలకూ ఇళయరాజాయే సంగీతం. అంత వ్యవధి తర్వాత అదే జంట మళ్లీ భయాన్ని ఎలా వినిపించింది? ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. మన విమర్శకు కళ్లున్నాయి, కథ ఉంది, చెవి లేదు. ముప్ఫై ఏళ్లుగా నా పోట్లాట ఇదొక్కటే.

‘అన్వేషణ’లో భానుప్రియ పాత్ర అడవికి వచ్చిందే పక్షుల కూతల్లో సంగీతాన్ని వెతకడానికి. పులి చంపిందనుకున్న చావుల వెనుక మనిషి ఉన్నాడన్న అనుమానం ఆ కూతల మధ్యే పెరుగుతుంది. పీలేరులో ఆ సినిమా చూసినప్పుడు నా వెనుక బెంచీలో తలకోన వైపు నుంచి వచ్చిన కట్టెలు కొట్టేవాళ్లు కూర్చున్నారు. పిట్ట కూసిన ప్రతిసారీ దాని పేరు చెప్పుకుంటున్నారు. ఒకచోట ఒకాయన “ఇది మన అడివి పిట్ట కాదబ్బా” అన్నాడు. అడవిలో తీసిన బొమ్మకు ధ్వని వేరేచోట కలుస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, విని పట్టేశాడు. అంత నిశితమైన పరిశీలన నాకు ఏ సిద్ధాంత గ్రంథంలోనూ కనిపించలేదు.

మలి వయసు సినిమాను చెవితో ఎలా కొలవాలో హిచ్‌కాక్ దగ్గర చూడవచ్చు. ఆయన డెబ్బై దాటాక 1972లో ‘ఫ్రెంజీ’ తీశాడు. ‘టోపాజ్’తో పెదవి విరిచినవాళ్లే గురువు తిరిగొచ్చాడన్నారు. అందులో హంతకుడు ఒకమ్మాయిని గదిలోకి తీసుకుపోతాడు, తలుపు మూసుకుంటుంది. కెమెరా నిశ్శబ్దంగా మెట్లు దిగి వెనక్కి వస్తుంది. వీధిలోకి రాగానే బజారు రొద మీద పడుతుంది. లోపలి హత్య మనకు కనపడదు, వినపడదు. ఆ రొదే చెబుతుంది. పెద్ద దర్శకుల మలి వయసు సినిమాలో వెతకవలసింది ఇలాంటి పొదుపును. హెన్రీ మాన్సినీ కట్టిన సంగీతాన్ని కాదని రాన్ గుడ్విన్ చేత మళ్లీ చేయించుకున్నాడంటే, ఆ వయసులోనూ చెవి విషయంలో ఆయన ఎంత పట్టుదలగా ఉన్నాడో చూడండి.

వంశీని గోదావరికి కట్టేసి, ఆయన సొంతూరు పసలపూడి దాటనివ్వకుండా పరిశోధనలు చేయిస్తున్న ఆచార్య మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. ‘మహల్లో కోకిల’ నవల నుంచి ‘సితార’ సినిమా దాకా వాళ్లు చేసిన పని గట్టిది, కాదనను. కానీ ‘అన్వేషణ’ మా సీమ అడవిలో పుట్టింది. అడవి గురించి ఒక్క అధ్యాయమైనా రాయకుండా వంశీ సమగ్ర పరిశీలన అని అట్ట మీద వేయడం అన్యాయం.

విమర్శకు చెవి రావాలంటే ముందు ఆ చప్పుళ్లు చేసినవాళ్లనే అడగాలి. రీరికార్డింగు గదుల్లో జీవితం గడిపిన ధ్వని కళాకారులు, కూతలూ అడుగుల చప్పుళ్లూ చేసినవాళ్లు ఇంకా కొందరు చెన్నైలో ఉన్నారు. వయసు మీద పడింది. ఇక్కడి విశ్వవిద్యాలయాలు ఒక్కో విద్యార్థినైనా వాళ్ల దగ్గరికి పంపి, వాళ్లు చెప్పేది రికార్డు చేయించాలి. ఈ మేరకు తీర్మానం రాసి తెచ్చాను. పత్ర సమర్పణలు మొదలయ్యేలోగా దాన్ని ఆమోదించమని అధ్యక్షుడిగా కోరుతున్నాను.