రాత్రిపూట ఫొటోలు: మా హాస్టల్ పిల్లలు, మేము నేర్చుకున్నది

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. దాని గురించి ఇప్పటికే ముగ్గురు పెద్దలు చెప్పారు కాబట్టి మేము కెమెరా గురించి చెబుతాం. అదీ చీకట్లో కెమెరా గురించి.

చీకట్లోనే ఎందుకంటారా? ఇటుకల పండుగలో ధింసా పొద్దు గూకాకే ఊపందుకుంటుంది. పెళ్ళి సందడీ అంతే. నొప్పులొచ్చిన ఆడపిల్లను డోలీలో మోసుకొచ్చేది కూడా చాలాసార్లు రాత్రిపూటే. కానీ మన గురించి పుస్తకాల్లో ఉన్న ఫొటోలు చూడండి, ఎక్కువగా పగటివే, తీసినవాళ్ళు ఎక్కువగా బయటివాళ్ళే. 1940లలో హైమండార్ఫ్ అనే పరిశోధకుడు గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి ఫొటోలు తీశాడు. ఆయన ఫొటోల భాండారం ఇప్పుడు లండన్‌లో ఉంది. ఆయన చేసింది గొప్ప పనే, కాదనం. కానీ మన అవ్వ ఫొటో చూడాలంటే లండన్ దాకా వెళ్ళే పరిస్థితి మన తరువాతి పిల్లలకు రాకూడదు.

మా హాస్టల్‌కు పాత విద్యార్థులు కలిసి ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనిచ్చారు. దాంతో వచ్చిన 18-55 లెన్సే మాకున్నది. ఆటోలో పెడితే రాత్రి ఫొటో ఎందుకు చెడిపోతుందో పిల్లలు ముందు పట్టుకున్నారు. ఎదురుగా ఏమున్నా కెమెరా దాన్ని నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిదరంగుకి లాగుతుంది. చీకటిని చీకటిగా ఉండనివ్వదు. లేదంటే ఫ్లాష్ కొడుతుంది. అప్పుడు ముందున్న నలుగురి ముఖాలు సున్నం పూసినట్టు వస్తాయి, వెనక మంట లేదు, కొండ లేదు, జనం లేరు.

అందుకే డయల్‌ని 'ఎమ్' మీద పెట్టాం. గెడ్డలో ఊట దగ్గర బిందె పట్టినట్టు అనుకోండి. బిందె మూతి ఎంత వెడల్పో అది అపర్చర్. ఎంతసేపు పట్టామో అది షట్టర్. చీకట్లో ఊట సన్నం కాబట్టి మూతి వెడల్పుగా ఉండాలి, లేదా ఎక్కువసేపు పట్టాలి. అపర్చర్ అంకె తగ్గితే మూతి పెద్దదవుతుంది, ఈ తిరకాసు పిల్లలందరినీ ఒక వారం ఏడిపించింది! ఐఎస్ఓ మాత్రం ఈ మైకు సౌండు లాంటిది. పెంచితే మాట పెరుగుతుంది, గరగర కూడా పెరుగుతుంది. ఫొటోలో ఆ గరగరే ఇసక జల్లినట్టు కనిపిస్తుంది. అయినా భయపడకండి. ఇసక పడిన ఫొటో పనికొస్తుంది, కదిలిపోయిన ఫొటో పనికిరాదు.

ధింసాకు మేము 3.5 అపర్చర్, సెకనులో 60వ వంతు షట్టర్, 3200 ఐఎస్ఓతో మొదలుపెడతాం. వేగంగా తిరిగే అడుగుకి 125వ వంతుకు వెళ్ళాలి, అప్పుడు ఐఎస్ఓ రెట్టింపు చేయాలి. జూమ్ చేయొద్దు, ఈ లెన్సులో జూమ్ చేస్తే మూతి చిన్నదవుతుంది. వైట్ బ్యాలెన్స్ 'డేలైట్' మీద ఉంచండి, ఆటోలో వదిలితే మంట ఎరుపును కెమెరా కడిగేస్తుంది. మంట వెలుగు ముఖాల మీద పక్కనుంచి పడేచోట నిలబడాలి. వెలుగు కొలిచేది మంట మీద కాదు, ముఖం మీద. మన ఒంటి నలుపు మంట వెలుగులో రాగిలా మెరుస్తుంది. దాన్ని తెల్లగా చేసే ఫిల్టర్లు దయచేసి వాడకండి.

ఇంకో మాట. అమ్మవారు పూనినప్పుడు కెమెరా దించేయాలి. పెద్దల్ని అడిగి, వాళ్ళు సరే అంటేనే తీయాలి. తీశాక ఒక ప్రింటు వాళ్ళ చేతికివ్వాలి.

ఇక డోలీ. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా వచ్చింది. రావికమతం, రోలుగుంట, గొలుగొండ, నాతవరం వైపు కొండ గూడేలు చాలా వరకు షెడ్యూల్డ్ ప్రాంతం గీతకు బయటే ఉండిపోయాయి. రోడ్డు కోసం అర్జీ పెట్టినప్పుడు ఫొటో జతచేస్తాం. ఫ్లాష్ కొట్టిన ఫొటోలో డోలీ కనిపిస్తుంది, దారి కనిపించదు. అధికారి చూడాల్సింది దారినే కదా! మోసేవాళ్ళు అలుపు తీర్చుకోడానికి దించినప్పుడు, టార్చి వెలుగు బాట మీద, రాళ్ళ మీద పడుతుండగా, చెట్టుకు ఆనుకుని 15వ వంతులో తీయండి. తల్లి ముఖం రాకూడదు. ఫొటో కోసం డోలీని ఒక్క క్షణం కూడా ఆపకూడదు. మోసే భుజం తక్కువైతే కెమెరా సంచిలో పెట్టి భుజం ఇవ్వండి. కెమెరాలో తేదీ, టైము ముందే సరిచూసుకోండి, అవి ఫైలులో నిలుస్తాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, కాబట్టి అసలు ఫైలు కార్డులోంచి కాపీ చేసి దాచండి.

ఇదంతా చెప్పాక పిల్లలు అడిగేది మాత్రం చుక్కల గురించే! 500ని 27తో భాగిస్తే 18 వస్తుంది. మా లెన్సు 18 దగ్గర ఉంచితే పెద్ద సెన్సర్ లెక్కన 27తో సమానం. అంటే 18 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి. మేము 15 దగ్గరే ఆపుతాం. ట్రైపాడ్ లేకపోతే బండ మీద బియ్యం మూట చాలు. రెండు సెకన్ల టైమర్ పెడితే వేలి కదలిక పడదు. ఫోకస్ చేత్తోనే, తెరమీద ఒక పెద్ద చుక్కను పెంచి చూసుకుంటూ తిప్పాలి. ఫోన్లో 'ప్రో' మోడ్ ఉన్నా ఇవే అంకెలతో మొదలుపెట్టొచ్చు.

మనకు ధ్రువ నక్షత్రం సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన కొండ అడ్డుంటే కనబడదు. పాలపుంత నడిబొడ్డు మే చివర రాత్రి ఒంటిగంటన్నరకు దక్షిణాన ఎత్తుకొస్తుంది. అంతకుముందు ఆగ్నేయంలో, అచ్యుతాపురం కంపెనీల వెలుగు పైన ఉంటుంది. కాస్త ఓపిక పట్టి, నైరుతికి జరిగాక తీయండి.

వచ్చే చలికాలంలో, మొదట వచ్చే సెలవు అమావాస్యకు మాడుగుల వైపు వెళ్తున్నాం. వచ్చేవాళ్ళు ఇంట్లో చెప్పి రండి. దుప్పటి, పాములుంటాయి కాబట్టి బూట్లు, టార్చికి చుట్టడానికి ఎర్ర కాగితం తెచ్చుకోండి. కెమెరా ఒక్కటే ఉంది, వంతులు మేము రాస్తాం.