బ్యాటరీ టెర్మినళ్లకు పట్టు చిలుము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



టమాటాల కాలములో మదనపల్లె మార్కెట్టుకు పోవు పికప్ బండ్లు తెల్లవారకమునుపే పల్లెలనుండి బయలుదేరును. సాయంకాలము కోసిన కాయను పెట్టెలకెత్తి, తాళ్లు బిగించి, డ్రైవరు బండి తాళము త్రిప్పును. ఇంజను తిరుగదు. లోపల ఎక్కడనో 'టక్కు'మని చప్పుడు వినవచ్చును. అంతవరకు చక్కగా వెలుగుచున్న లైట్లు ఆ క్షణమున మసకబారును. నలుగురు గుమిగూడుదురు. "బ్యాటరీ పోయిందన్నా" అని ఒకరు, "సెల్ఫు కాలిపోయింది" అని మరియొకరు తీర్పు చెప్పుదురు. ఈ లోపల వేలము వేళ మీరిపోవును. మరునాడు వేలకొలది రూపాయలు పోసి కొత్త బ్యాటరీ తెత్తురు.

కొత్త బ్యాటరీ వేయగానే బండి కదలును. కావున తీర్పు సరియైనదేనని అందరును నమ్ముదురు. కాని కొత్తదానిని బిగించునపుడు మెకానికు తీగ చివరలను గీకి శుభ్రము చేసినాడన్న మాట ఎవ్వరికిని తోచదు. పలుమారు బండిని కదలించినది ఆ గీకుటయే. పాత బ్యాటరీ నిర్దోషి. దానికిని తీగకును నడుమనున్న కూడలియందు చిలుము పట్టినది, అంతియే. సాక్షిని విచారింపకయే ముద్దాయికి శిక్ష వేసిన చందమున, ఏటేట ఎన్ని మంచి బ్యాటరీలు పాతసామాను కొట్టుకు పోవుచున్నవో!

ఈ చిలుము స్వభావము తెలియుటకు బ్యాటరీని గూర్చి కొంత చెప్పవలెను. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పలుచని గంధకికామ్లములో సీసపు రేకులను ముంచి, విద్యుత్తును దాచి మరల తీసికొనవచ్చునని నిరూపించెను. 1881లో ఫోర్ అను మరియొక ఫ్రెంచివాడు రేకులపై సీసపు భస్మముల ముద్దను పట్టించి దానిని బాగుపరచెను. నేటి బండ్లలోని సాధారణపు బ్యాటరీ దాని సంతతియే. అందు ఆరు గదులుండును. ఒక్కొక్కటి రెండు వోల్టులకు కొంచెము పైగా ఇచ్చును. నిండుగా చార్జి అయి విశ్రాంతిగా నున్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజనును త్రిప్పు పని బ్యాటరీకి అప్పగించుట 1912లో అమెరికాయందు కాడిలాక్ కార్లతో వ్యాప్తిలోనికి వచ్చినది. చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు కల్పించిన సాధనమది. అంతకుముందు ఇనుప హాండిలు పెట్టి చేతితో త్రిప్పవలసినదే. బస్సు ముందు నిలిచి క్లీనరు హాండిలు త్రిప్పుటయు, అది ఎదురు తన్నినపుడు వాని మణికట్టు వాచుటయు వృద్ధులు మరచియుండరు.

డీజిలు ఇంజనును త్రిప్పుటకు 200 ఆంపియర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన విద్యుత్ప్రవాహము కావలెను. ఆ ప్రవాహమంతయు రెండు సీసపు మొలకలను పట్టిన రెండు పట్టీల గుండ పోవలెను. ఇక్కడ చిన్న లెక్క వేసి చూడవచ్చును. జర్మనుడగు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము ప్రకారము ప్రవాహమును నిరోధముచే గుణించినచో నష్టమగు వోల్టులు తేలును. శుభ్రమైన కూడలి నిరోధము ఓములో వెయ్యవవంతు ఉన్నదనుకొన్నను, 200 ఆంపియర్లకు నష్టము ఐదింట ఒక వోల్టు మాత్రమే. చిలుము పట్టి అది నూరవవంతు అయినచో నష్టము 2 వోల్టులు. బరువు మీద పడినపుడు బ్యాటరీ వోల్టులు అసలే 10, 11 వరకు తగ్గును. అందుండి మరి రెండు పోయినచో సెల్ఫు మోటారునకు మిగులునదేమి? పోయిన ఆ రెండు వోల్టులును కూడలివద్దనే వేడిగా మారును. రెంటిని రెండు నూర్లతో గుణింపగా 400 వాట్లు! నాలుగైదుసార్లు తాళము త్రిప్పిన పిమ్మట పట్టీ వేడెక్కుటకు కారణమిదే. ముంజేతి వెనుక భాగము దగ్గరగా పెట్టి చూచినను తెలియును. గట్టిగా పట్టుకొన్నచో చేయి కాలవచ్చును.

మరి లైట్లు అంత చక్కగా వెలుగుటయేమి? ఈ ప్రశ్నయే అందరిని త్రోవ తప్పించుచున్నది. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండును కలిసి తీసికొనునది 10 ఆంపియర్లు. అదే చిలుము గుండ 10 ఆంపియర్లు పోవునపుడు నష్టము వోల్టులో పదవవంతు. కంటికి ఆనదు. సన్నని కాలువలో చెంబెడు నీరు పారునంత మాత్రమున చెరువు తూము తెరచి ఉన్నదని చెప్పలేము గదా! లైటు వెలిగినదని టెర్మినలు మంచిదనుకొని సెల్ఫు మోటారును విప్పువారును, లైటు మసకబారినదని బ్యాటరీని పారవేయువారును ఒకే పొరపాటును రెండు వైపులనుండి చేయుచున్నారు.

ఇక చిలుము రంగు చూచినచో అది ఏమియో చాలవరకు తెలియును. బ్యాటరీ చార్జి అగునపుడు అందలి నీరు కొంత ఉదజని, ఆమ్లజని వాయువులుగా విడిపోవును. ఆ బుడగలు ఆమ్లపు తుంపరను వెంటగొని బయటికి వచ్చును. మొలక మొదటనున్న సందునుండియు ఆమ్లము చెమర్చును. 'నీరు పోయనక్కరలేదు' అని అమ్ము మూత బ్యాటరీలకును వాయువు పోవు రంధ్రములున్నవి. ఆ ఆమ్లము సీసమును తిని తెల్లని లేక బూడిదరంగు పొడి నిచ్చును. తీగలోని రాగిని, పట్టీలోని ఇత్తడిని తిని నీలి ఆకుపచ్చ పొడి నిచ్చును. ఈ రెండవది రైతులకు క్రొత్త కాదు. సున్నముతో కలిపి తోటలకు కొట్టు బోర్డో మందులోని మైలుతుత్తమే అది. వైద్యగ్రంథములు తుత్థమన్న వస్తువు బండి బానెట్టు క్రింద తానై పండుచున్నదన్నమాట.

పని ప్రారంభించుటకు ముందు ఒక హెచ్చరిక. ఉదజని గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరినచో నిప్పురవ్వ తగిలి ప్రేలగలదు. చీకటిలో బ్యాటరీలోని నీటిమట్టము చూచుటకు అగ్గిపుల్ల గీయు అలవాటు కొందరికి కలదు. ఇంతకంటె చేటైన అలవాటు వేరొకటి లేదు. బీడీ ఆర్పి, టార్చిలైటు పట్టి చూడవలెను. ప్రేలుడులో చిమ్మునది ఆమ్లము. అది ముందు వెదకునది కన్నులను. కంట బడినచో సోడా, పాలు, పసరు ఏదియు పోయరాదు. కంటిరెప్పలు విప్పి పట్టి, మంచినీటిని ధారగా కనీసము 15 నిమిషములు పోసి కడిగి, తడవు సేయక వైద్యునికడకు పోవలెను. పని చేయువారు కండ్లద్దములును, రబ్బరు తొడుగులును ధరించుట మేలు. చేతి ఉంగరము, కడియము, గొలుసు గడియారము తీసి జేబులో వేసికొనవలెను. పానాకును బాడీకిని నడుమ ఉంగరము చిక్కినచో అది క్షణములో ఎర్రగా కాలును.

ఇంజను ఆపి, తాళము తీసి, లైట్లన్నియు ఆర్పవలెను. తరువాత ఋణధ్రువపు తీగను, అనగా మైనసు గుర్తుగలదానిని ముందు విప్పవలెను. కారణము సులభము. బండి ఇనుము యావత్తును ఋణధ్రువమునకు కలిసియున్నది. ముందుగా ధనధ్రువమును విప్పబోయి పానా ప్రక్కనున్న ఇనుమునకు తగిలించినచో విద్యుత్తంతయు ఆ పానాగుండ పోవును, నిప్పులు కురియును. ఋణధ్రువము విడిపించిన పిదప పానా బాడీకి తగిలినను హాని లేదు. మరల బిగించునపుడు క్రమము తారుమారు: ధనము ముందు, ఋణము కడపట. పూర్వపు ఇంగ్లీషు బండ్లు కొన్నిటియందు ధనధ్రువమునే బాడీకి కలిపెడివారు. కావున అసలు సూత్రము, బాడీకి కలిసిన తీగను ముందు విప్పుమని. తీగ రంగును నమ్మరాదు. మరమ్మతులలో రంగులు మారిపోవును. బ్యాటరీపై అచ్చువేసిన గుర్తు చూడవలెను. ధనధ్రువపు మొలక రెండవదానికంటె రవంత లావుగా నుండును. క్రొత్త బండ్లలో చిన్న కంప్యూటర్లు కూడ ఉన్నవి గనుక తీగ విప్పుటకు ముందు బండితో వచ్చిన చేతిపుస్తకమును చూడవలెను. ఆ పుస్తకము అనేక బండ్లలో ప్లాస్టిక్కు కవరైన విప్పబడక, పూజలో పెట్టిన పొత్తమువలె పవిత్రముగా పడియున్నది!

పట్టీమరకు చాల బండ్లలో 10వ నంబరు పానా సరిపోవును. పట్టీ రాకున్నచో సుత్తితో కొట్టుట, స్క్రూడ్రైవరుతో ఎత్తి పెరుకుట కూడదు. మొలక మెత్తని సీసము. లోపల రేకులతో దానికున్న అతుకు తెగినచో ఆ బ్యాటరీ నిజముగనే పోవును. సోడానీరు పోసి కొంతసేపాగి, పట్టీ నోరు కొంచెము వెడల్పు చేసి, మెల్లగా అటునిటు త్రిప్పుచు తీయవలెను.

గ్లాసు నీటిలో పెద్ద చెంచాడు వంటసోడా కలుపవలెను. బ్యాటరీకి నీరు పోయు మూతలున్నచో అవి గట్టిగా బిగించియుండవలెను. సోడా చుక్క లోపలికి పోయినచో అక్కడి ఆమ్లమును చంపును. పాత పళ్లబ్రష్షుతో సోడానీటిని కొద్దికొద్దిగా చిలుముపై అద్దగా బుసబుస పొంగును. ఆమ్లము విరుగుచు బొగ్గుపులుసు వాయువు పోవుటయే ఆ పొంగు. పొంగు ఆగువరకు అద్ది, మంచినీటితో కడిగి, గుడ్డతో తుడువవలెను. కొందరు మరుగునీరు గుమ్మరించి ఊరకుందురు. నీలిపొడి కరిగి కంటికి శుభ్రముగానే కనబడును; కాని ఆమ్లము విరుగలేదు. అది క్రిందికి జారి బ్యాటరీ పెట్టిన ఇనుప తొట్టిని తినుటకు మొదలుపెట్టును. పొడిగానున్న చిలుమును గీకి నోటితో ఊదుట మరియు చెడ్డది. సీసపు పొడి విషము. పసిపిల్లల మెదడునకు మరింత కీడు. తడిపియే తీయవలెను, పిల్లలను దరికి రానీయరాదు, పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుగక అన్నము ముట్టరాదు.

అసలు పని ఇక నున్నది. చిలుము పైన కనబడునది కొంత. తగవు పెట్టునది మొలకకును పట్టీకిని మధ్య తాకుడు తలమున దాగిన నల్లని పొర. తీగబ్రష్షుతోగాని గరుకు కాగితముతోగాని మొలక చుట్టును, పట్టీ లోపలను, కొత్తగా కళాయి పోసిన గిన్నెవలె మెరయువరకు రుద్దవలెను. అంతకుమించి కత్తితో చెక్కరాదు. చెక్కిచెక్కి మొలక సన్నబడగా పట్టీ వదులై, ఆ సందులో మేకు దిగగొట్టిన బండ్లు అనేకము కనబడును. అప్పుడు 200 ఆంపియర్లును ఆ మేకుగీత వెంటనే పోవలెను. అట్టి స్థితిలో కొత్త పట్టీ వేయించుటయే మార్గము. దాని ఖరీదు బ్యాటరీ ఖరీదుతో పోల్చదగినది కాదు. పట్టీని అడుగువరకు దించి, చేతితో త్రిప్పినను కదలనంతగా బిగించి, ఆ పిమ్మట పైన పలుచగా వాసిలీను పూయవలెను.

బాడీకి, ఇంజనుకు కలిసిన ఋణతీగ రెండవ కొనను చూచువారు అరుదు. బురద, నీరు తగులు తావున బోల్టు క్రింద తుప్పు పట్టి అదియు ఇదే విధముగా దారిని అడ్డగించును. ఒక కొన తోమి రెండవది మరచినచో సగము పనియే జరిగినట్లు. అనుమానము తీరుటకు మల్టీమీటరు కలదు. మెకానికులందరివద్ద నుండు వస్తువే. ఒక ముల్లు మొలక నెత్తిపైనను, రెండవది పట్టీపైనను ఆనించి, మరియొకరిచే తాళము త్రిప్పింపవలెను. అర వోల్టు చూపినచో దోషము అక్కడనే. ఋణపు మొలకకును ఇంజను ఇనుమునకును నడుమ కూడ ఇట్లే చూడవలెను. కూడలులన్నియు నిర్దోషులని తేలిన పిదప బ్యాటరీ వంతు వచ్చును. రాత్రంతయు చార్జి పెట్టి, కొన్ని గంటలు ఆగి చూచినను 12 వోల్టులు దాటకున్నచో అప్పుడు దానిని మార్చుట న్యాయము.

కడిగిన నెలలోపలనే చిలుము మరల దట్టముగా పట్టినచో మూలము వేరుగా నున్నది. ఇంజను నడుచునపుడు వోల్టులు 14 ప్రాంతమున నుండవలెను. 15 దాటినచో బ్యాటరీ మితిమీరి చార్జి అగుచు ఆమ్లమును వెళ్లగ్రక్కుచున్నది. గుర్తుమించి నీరు పోసినను పొంగి పొరలును. పోయవలసినది డిస్టిల్డు వాటరు మాత్రమే. మొలక మొదటిలో చీలికయున్నచో దానికి మందు లేదు.

కడిగిన నీటిని పశువుల తొట్టివైపునకుగాని, ఆకుకూర మడిలోనికిగాని, బావిగట్టునకుగాని పోనీయరాదు, అందు సీసమున్నది. తుడిచిన గుడ్డను పొయ్యిలో వేయరాదు. నిజముగా చచ్చిన బ్యాటరీని ఇంట పగులగొట్టి సీసము కరగించుట ప్రాణాపాయము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము పాతవానిని తిరిగి సేకరింపజేయు బాధ్యత ఉత్పత్తిదారులదే. కొత్తది కొన్న దుకాణములో పాతదానిని అప్పగించి, దాని విలువను బిల్లులో తగ్గించి వ్రాయించుకొనవలెను.