'అనుమతించు' అని నొక్కే ముందు
(సుల్తానాబాద్‌లో వార్షిక మహాసభ నాడు చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటికే విన్నారు. లెక్కల్లోకి రాని ఒక పని గురించి చెప్తాం. ఈ ఏడు మేము కోర్టు పెట్టినం. నవ్వకండి, నిజంగానే పెట్టినం.

మన సుల్తానాబాద్ మీదుగా పోయే రాజీవ్ రహదారి పట్టుకొని హైదరాబాద్ పోతుంటే శామీర్‌పేట దగ్గర నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వస్తుంది. 1998లో పెట్టారు. అటువంటి చోట్ల చదివే పిల్లలకు మూట్ కోర్టు పోటీలు ఉంటాయి. కల్పించిన కేసు ఒకటి ఇస్తారు. ఒకే జట్టు ఒకసారి ఫిర్యాదు చేసినవారి తరఫున, ఇంకోసారి ఎదుటివారి తరఫున వాదించాలి. నడుమ జడ్జీలు ప్రశ్నలు వేస్తుంటారు. ఫోన్‌లో జరిగే డబ్బు లావాదేవీలు, మన వివరాల గోప్యత మీద కూడా ఇప్పుడు ఈ పోటీలు జరుగుతున్నాయి. మన చేతిలోని ఫోన్ గురించి వాళ్లు వాదిస్తుంటే మనమెందుకు వాదించొద్దు అనుకున్నం.

కేసు ఇది. ఒక సభ్యురాలు బిడ్డ ఫీజు కోసం యాప్‌లో ఐదు వేలు అడిగింది. కోతలు పోను మూడున్నర వేలే చేతికొచ్చాయి. వారం దాటగానే ఆమె ఫోన్‌లో నంబర్లున్న చుట్టాలందరికీ ఆమె ఫొటో పెట్టి 'దొంగ' అని మెసేజ్‌లు పంపారు. మేము కల్పించిన కేసే. కానీ 2020 చివర్లో ఇటువంటి వేధింపులకు మన తెలంగాణలోనే ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు.

యాప్ తరఫున నిలబడ్డ అక్క గట్టిగానే వాదించింది. "ఆమెనే 'అనుమతించు' అని నొక్కింది గదా, మేమేమన్న బలవంతం చేసినమా?" అన్నది.

ఇవతలి చెల్లె లేచింది. "నొక్కకపోతే యాప్ ముందుకు పోదు. రాసింది ఇంగ్లీషుల. అవసరం మెడ మీద కూసుంటే నొక్కిన దాన్ని ఒప్పుకొనుడు అంటరా? సరే, ఆమె నొక్కింది. ఆమె ఫోన్‌ల ఉన్న మూడు వందల మంది ఎప్పుడు నొక్కిండ్రు?"

సభ అంతా చప్పట్లు కొట్టింది.

చట్టం కూడా ఆ చెల్లె మాటకు దగ్గరగానే ఉంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసు వేసింది కె.ఎస్. పుట్టస్వామి అనే రిటైర్డ్ జడ్జి. మన ఉమ్మడి రాష్ట్రంలో బీసీ కమిషన్‌కు చైర్మన్‌గా కూడా పనిచేసిన మనిషి. ఎనభై దాటిన వయసులో కేసు వేశారు.

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పనికి అవసరమైన వివరాలకే మన అనుమతి చెల్లుతుంది, అంతకు మించి అడిగితే నొక్కినా చెల్లదు అంటుంది ఆ చట్టం. నోటీసు తెలుగులో చదువుకునే వీలు కూడా ఇవ్వాలి. ఈ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది.

అంతకు ముందే, 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు యాప్ రుణాలకు నిబంధనలు పెట్టింది. అప్పు సొమ్ము నేరుగా మన ఖాతాలో పడాలి. వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో ముందే రాసివ్వాలి. ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు, కాల్ లిస్టు ముట్టుకోవద్దు. దొంగ యాప్‌లు ఇవేవీ పాటించవు. అందుకే అప్పు ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ ఇస్తోందో తెలియకుండా యాప్ దించుకోవద్దు.

తీర్పు సభ్యురాలి పక్కనే వచ్చింది. అయిపోయిందని లేవబోతుంటే జడ్జిగా కూర్చున్న అక్క ఒక ప్రశ్న వేసింది. "కిస్తీ కట్టని సభ్యురాలి పేరు మనం వాట్సాప్ గ్రూపుల పెడుతున్నం గదా. అదేంది మరి?"

ఎవ్వరూ మాట్లాడలేదు. ఇంటి ముందట కూసుండి పరువు తీసుడు ఎట్లుంటదో మైక్రోఫైనాన్స్ కాలంలో మనం చూసినవాళ్లమే. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా పోయింది. అదే పని మనం ఫోన్‌లో చేస్తే తప్పు కాకుండా పోతుందా? అందులో మా తప్పు కూడా ఉందని ఈ మహాసభలో ఒప్పుకుంటున్నాం.

బాకీ వసూలు కావాలి, అందులో రెండో మాట లేదు. సంఘం నడిచేది కిస్తీల మీదనే. కానీ బాకీ మాట సంఘం సమావేశంలో, రిజిస్టర్ ముందు పెట్టుకొని, ఆమె ఎదురుగా మాట్లాడుకుందాం. అందుకే ఈ తీర్మానాలు మీ ముందు పెడుతున్నాం:

బాకీదారుల పేర్లు, ఫొటోలు ఏ గ్రూపులోనూ పెట్టవద్దు.

ఆధార్, పాస్‌బుక్ జిరాక్స్ మీద ఏ పనికి ఇస్తున్నామో, ఏ తేదీన ఇస్తున్నామో రాసి ఇవ్వాలి.

ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పవద్దు. అడిగేది వివోఏ అయినా సరే, సొంత మనిషి అయినా సరే.

యాప్ వేధింపులో చిక్కుకున్న సభ్యురాలిని మందలించవద్దు. ముందు పక్కన కూర్చోండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయించండి. వకీలు కావాలంటే 15100కు చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది.

వచ్చే ఏడు ప్రతి గ్రామ సంఘంలో ఒక కోర్టు పెట్టుకుందాం. యాప్ తరఫున వాదించే అక్క కూడా ఉండాలి. ఎదుటివాడు ఏమంటాడో తెలిస్తేనే గదా మన మాట గట్టిపడేది.

తీర్మానాలకు ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. సెలవు.