కాలు తడవని కర్ర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను హైటెక్ సిటీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత కొద్దికాలానికే నేను మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరాను. అప్పుడు మేం రాసిన సాఫ్ట్‌వేర్ ఒక్కటీ ఇప్పుడు వాడకంలో లేదు. అందుకని, నిలిచిన వస్తువు గురించి చెబుతాను.

ఆఫీసు పని మీద నార్వే వెళ్లినప్పుడు, ఒక ఆదివారం బోర్గుండ్‌లో కర్ర చర్చి చూశాను. దాని మానులు కొట్టింది 1180 ప్రాంతంలో. మన ఓరుగల్లులో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించింది 1163లో. అంటే దాదాపు ఒకే కాలం. అక్కడ రాయి కాదు, అంతా పైన్ కర్ర. ఒకప్పుడు నార్వేలో ఇలాంటివి వందల్లో ఉండేవి. ఇప్పుడు మిగిలినవి 28.

ఎనిమిది వందల ఏళ్లు ఎలా నిలిచిందని వంగి చూశాను. అంతకుముందు కట్టిన చర్చిల్లో స్తంభాలను నేలలో పాతేవారు. అవి చీకిపోయేవి. ఇక్కడ రాతి పునాది వేసి, దాని మీద దూలాలు పరిచి, వాటిపై స్తంభాలు నిలిపారు. కర్రకు మట్టి తగలదు. పైన ఎప్పటికప్పుడు తారు పూస్తారు.

అది చూడగానే మా నాన్న గుర్తొచ్చారు. "కర్ర కాలు తడవకూడదురా" అంటూ ప్రతి స్తంభం కిందా రాయి పెట్టించేవారు. ఆయన వడ్రంగి. మన బడి బెంచీలు చేసింది ఆయనే. ఈ సంగతి మీలో చాలామందికి తెలియదు, ఎందుకంటే నేను చెప్పలేదు. ఎనిమిదో తరగతిలో ఆయన మా గదిలోకొచ్చి బెంచీ కాలు మారుస్తుంటే, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆయనా నన్ను పిలవలేదు. ఇంటికెళ్లాకా ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఆయన లేరు.

బోర్గుండ్ వాళ్లు 1868లో పక్కనే కొత్త చర్చి కట్టుకున్నారు. పాతదాన్ని 1877లో ఒక పరిరక్షణ సంఘం కొని కాపాడింది. మనదీ సంఘమే. స్టోరు గదిలోని పాత బెంచీలు అమ్మేద్దామని కమిటీలో మాట వచ్చింది. దయచేసి అమ్మొద్దు. బాగుచేయించే ఖర్చు నాది. లైబ్రరీలో వేయిద్దాం, కాళ్ల కింద రాళ్లు పెట్టి.

మా నాన్న వడ్రంగి. ఈ బడిలో ఈ మాట ఇవాళే మొదటిసారి అన్నాను. సెలవు.