ఆర్కాటు శిల్పి మీర్ మొహసిన్ హుసేను

(భవానీపురమున జరిగిన వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



త్రాసు ముల్లు రవంత వ్రాలినను బేరము చెడునని స్వర్ణకారునకు వేరొకరు బోధింపనక్కరలేదు. గురిగింజ యెత్తున బంగారము తూచు విద్య భూమండలమును కొలుచుట కక్కరకు వచ్చిన యుదంతమును నేడు మనవి చేసెదను.

మీర్ మొహసిన్ హుసేను ఆర్కాటువాడు. నగల పనియందు నిపుణుడు. సర్వేయరు జనరలు బ్లాకరు కాలమున కలకత్తా చేరి, భూమాపన శాఖ యంత్రశాలలో కుదురుకొనెను. ఆ శాలకు హెన్రీ బారో యను ఆంగ్ల యంత్రకారుడు పెద్దగా నుండెను. అతడు 1839లో వెడలిపోగా, 1843లో ఆ పదవి మొహసిన్ హుసేనునకు లభించెను.

ఆ పని యెంత సూక్ష్మమో వినుడు. వృత్తమునకు 360 అంశలు; అంశకు 60 కలలు; కలకు 60 వికలలు. 36 అంగుళముల వ్యాసముగల వలయపు టంచున నొక వికల, అంగుళములో సుమారు 11,460వ వంతు. ఒక్క వికల తప్పెనేని, 30 మైళ్ల దూరమున తొమ్మిదంగుళముల దోషము వాటిల్లును. అట్టి వలయములపై భాగరేఖలను మరల దిద్దిన హస్తము ఈ నగల శిల్పిదే. బీదరు చెంతనున్న దామర్‌గిద్దను హిమాలయ ప్రాంతముతో ముడివేసిన కొలత లట్టి యంత్రములపై నాధారపడినవి.

ఆయన 1864లో గతించెను. మరుసటి యేట నత్యున్నత శిఖరమునకు ఎవరెస్టు దొర పేరిడిరి. దొర పేరు లోకమెల్ల నెరుగును. రేఖలు దిద్దినవాని పేరు మన బాలురలో నెందరెరుగుదురు?

ఆయన మన కులమువాడు కాడు, మన విద్యవాడు. ఆకురాయికి మతభేదము లేదు.

ఈ సందర్భమున నా తప్పొకటి యొప్పుకొనవలెను. నేను బడిపంతులుగా నున్న దినములలో స్వర్ణకార బాలుడొకడు ఇత్తడి రేకుపై వృత్తమును విభజించి తెచ్చి చూపెను. “రేకులు గోకుట మాని శబ్దము వల్లింపు”మని గద్దించితిని. వాడు మరల నేదియు తెచ్చి చూపలేదు. ఆ చిన్నబోయిన ముఖము నేటికిని నన్ను వీడలేదు.

కావున పోషకులకు నాదొక్క విన్నపము. మన విద్యార్థి వసతిగృహమున పుస్తకముల బీరువా ప్రక్కనే యొక పనిబల్లయు, వెర్నియరు, మైక్రోమీటరు, మేలైన త్రాసును అమర్పుడు. వారమున కొకనాడు వృద్ధశిల్పియు గణితోపాధ్యాయుడును ఒక్కచో కూర్చుండి పిల్లలకు నేర్పుదురుగాక. నేను గద్దించి పోగొట్టిన దానిని మీరు ఆదరించి నిలుపుడు.

స్వస్తి.